పెడికిల్ స్క్రూ గీశారు సరే, అది లోపలికి ఎలా వెళ్తుంది?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: మెకానికల్ చదివి ఒక స్టార్టప్‌లో చేరారు, చిన్న కోతతో చేసే వెన్నెముక ఆపరేషన్లకి పెడికిల్ స్క్రూ సిస్టమ్ (వెన్నుపూస వెనక ఉండే పెడికిల్ అనే ఎముక కాడలోంచి స్క్రూలు దింపి, వాటి తలలని రాడ్‌తో కలిపే సామాను) తయారుచేయమన్నారు. 6.5 మిల్లీమీటర్ల స్క్రూ, 5.5 మిల్లీమీటర్ల రాడ్ క్యాడ్‌లో గీశారు, ఎఫ్‌ఈఏలో, అంటే కంప్యూటర్‌లో బలం లెక్కగట్టినప్పుడు, స్ట్రెస్ కూడా బాగానే వచ్చింది. ఇప్పుడు తర్వాతి అడుగు ఏంటి, స్క్రూ మధ్యలో రంధ్రం పెడితే బలం తగ్గదా, పనిలో పనిగా 3డీ ప్రింటెడ్ కేజ్ (డిస్క్ తీసేసిన చోట రెండు వెన్నుపూసల మధ్య పెట్టే దిమ్మె) కూడా మొదలుపెట్టమంటారా అని అడుగుతున్నారు.

మొహమాటం లేకుండా చెప్తాను. మీరు చేసింది ఈ పనిలో సులువైన భాగం. స్క్రూ, రాడ్, సెట్‌స్క్రూ (రాడ్‌ని స్క్రూ తలలో బిగించే మర) కొలతలు చాలా ఏళ్ల క్రితమే స్థిరపడిపోయాయి. ఏ కంపెనీ సిస్టమ్ తీసుకున్నా ఇంప్లాంట్లు ఒకదాన్నొకటి పోలే ఉంటాయి. తేడా అంతా వాటిని చర్మం కింద అయిదారు సెంటీమీటర్ల లోతులో, కంటికి కనిపించకుండా, వేలు పెట్టే సందు లేకుండా అమర్చే పనిముట్లలోనే ఉంది. బోరుబావిలో దిగిన మోటారుకి పైనుంచే నట్టు బిగించమంటే ఎలా ఉంటుందో ఆలోచించండి, సర్జన్‌కి మనం అప్పజెప్పే పని అదే. అందుకే నా దగ్గరికి వచ్చే కొత్తవాళ్లని మొదటి నెల క్యాడ్ తెరవనివ్వను. ఆపరేషన్ మొదటి కోత నుంచి చివరి కుట్టు దాకా ఒక్కో అడుగూ రాయమంటాను: ఏ అడుగులో సర్జన్ కుడిచేతిలో ఏముంది, ఎడమచేతిలో ఏముంది, సీ-ఆర్మ్ (ఎక్స్‌రే మెషిన్) ఎటు ఉంది, నర్సు ఏం అందిస్తోంది. ఆ కాగితమే మీ అసలు డిజైన్.

అసలు ఈ తంటా అంతా ఎందుకో ఒక్క ముక్కలో చెప్తాను. మామూలు ఓపెన్ సర్జరీలో నడుము మధ్యలో పొడుగ్గా కోసి, ఎముకకి అంటుకున్న కండరాన్ని ఊడదీసి, రిట్రాక్టర్‌తో గంటల తరబడి పక్కకి నొక్కి పెడతారు. ఆ కండరానికి రక్తం సరిగా అందక, నరం దెబ్బతిని, తర్వాత అది మునుపటిలా పనిచేయదు. కండరాన్ని ఊడదీయకుండా పోగుల మధ్య సందు చేసుకుని వెళ్లే దారిని సర్జన్ విల్ట్సీ 1968లోనే రాశాడు. ఆ దారిని ఇంకా సన్నం చేసి గొట్టంలోంచి డిస్క్ తీయడం సర్జన్లు ఫోలీ, స్మిత్ 1997లో చూపించారు. చర్మంలోంచే స్క్రూలు పెట్టి, రాడ్ కూడా లోపలే దూర్చే సెక్స్‌టాంట్ పద్ధతి 2000 ప్రాంతంలో వచ్చింది, అదీ ఫోలీదే.

సెక్స్‌టాంట్‌ని కాసేపు కూర్చుని చదవండి, ఈ రంగంలో అంతకంటే మంచి పాఠం నాకు తెలియదు. సమస్య ఏంటంటే రెండు స్క్రూల తలలు లోపల ఎక్కడో ఉన్నాయి, కనబడవు, రాడ్ ఆ రెండింటి గాడిలోంచీ దూరాలి. వాళ్లు స్క్రూల తలలకి పైదాకా వచ్చే పొడవాటి గొట్టాలు తగిలించి, వాటి పైకొసలని కలిపి, అక్కడ ఒక ఇరుసు పెట్టి, దానిమీద తిరిగే చాపంలాంటి చేతికి వంపు తిరిగిన రాడ్ బిగించారు. ఇరుసు నుంచి స్క్రూ తల దాకా ఉన్న దూరం, చాపం వ్యాసార్ధం ఒకటే కాబట్టి రాడ్ ఎటూ తప్పకుండా తలలోకే వెళ్తుంది. సర్జన్ గురి చూడక్కర్లేదు, గురి జ్యామితిలోనే ఉంది. కానీ దాని పరిమితి కూడా అక్కడే ఉంది: స్క్రూలు పెరిగేకొద్దీ తలలన్నీ ఒకే వృత్తం మీద ఉండాలి, నిజమైన వెన్నెముక అలా ఒప్పుకోదు. అందుకే తర్వాత వచ్చిన సిస్టమ్‌లు చాలావరకు చీలిక ఉన్న టవర్లకి (స్క్రూ తలకి తగిలించే పొడవాటి గొట్టాలు) మారాయి, రాడ్‌ని ఒక చివర నుంచి చేత్తో ఆ చీలికల్లోంచి దూరుస్తారు. స్వేచ్ఛ వచ్చింది, గ్యారంటీ పోయింది. మీ సిస్టమ్ ఈ రెంటిలో ఎటువైపో ముందు తేల్చుకోండి.

ఇక రంధ్రం ప్రశ్న. సర్జన్ ముందు జంషీది సూదిని (ఎముకలోకి దించే బోలు సూది) పెడికిల్‌లోకి దింపుతాడు, దాంట్లోంచి కే-వైర్ (సన్నని గట్టి తీగ) పంపి సూది తీసేస్తాడు, తర్వాత ట్యాప్ (ఎముకలో మర కోసే పనిముట్టు), స్క్రూ, డ్రైవర్ అన్నీ ఆ వైర్ మీదుగానే దిగాలి. కాబట్టి రంధ్రం మన ఇష్టం కాదు, వైర్ వాడినంత కాలం తప్పదు. బలం సంగతి లెక్క వేసుకోండి. రంధ్రం వల్ల వంపు బలం ఎంత తగ్గుతుందనేది రంధ్రం, కోర్ (మరలు పోను మిగిలే కాండం) వ్యాసాల నిష్పత్తి నాలుగో ఘాతం మీద ఆధారపడుతుంది. కోర్ 4.5 మిల్లీమీటర్లు, రంధ్రం 1.7 అనుకుంటే తగ్గేది 2 శాతం, అంతే. దానికి టెన్షన్ పడక్కర్లేదు. అదే కోర్ 3 మిల్లీమీటర్లుండే సన్న స్క్రూలో 10 శాతం దాటుతుంది, పైన ఉండే థొరాసిక్ (ఛాతీ భాగపు) వెన్నుపూసల కోసం చిన్న సైజు చేసేటప్పుడు మాత్రం ఆలోచించాల్సిందే, అక్కడ పెడికిల్ సన్నం కాబట్టి లావు స్క్రూ పెట్టడానికి చోటు లేదు. అసలు బలహీనత వేరేచోట ఉంటుంది: స్క్రూ తల కింద మెడ. పైనుంచి డ్రైవర్ దిగే గుంట, కింద నుంచి వచ్చే రంధ్రం, బయట తల నుంచి కాండానికి సన్నబడే మలుపు, ఈ మూడూ ఒకేచోట కలుస్తాయి. మీ ఎఫ్‌ఈఏలో డ్రైవర్ గుంట అడుగు మూలని ఎంత రేడియస్‌తో గీశారో చూడండి. టైటానియం ఈఎల్ఐ గ్రేడ్ (ఇంప్లాంట్లకి వాడే శుద్ధమైన రకం) ఫెటీగ్‌లో, అంటే పదేపదే బలం పడుతున్నప్పుడు, గీత పడితే ఊరుకోదు, అందులోనూ ఇక్కడ.

ఆ రంధ్రం తెచ్చే పెద్ద తలనొప్పి బలం కాదు, వైర్. సర్జన్ స్క్రూ తిప్పుతున్నప్పుడు వైర్ కొంచెం వంగి ఉన్నా స్క్రూతోపాటు వైర్ కూడా ముందుకి నడుస్తుంది. వెన్నుపూస ముందు గోడ దాటితే అక్కడ ఉన్నది బృహద్ధమని, పెద్ద సిర. ఇది పుస్తకాల్లో మాత్రమే ఉండే భయం కాదు. కాబట్టి పనిముట్లలో దీనికి జవాబు ఉండాలి. డ్రైవర్ హ్యాండిల్ వెనక నుంచి వైర్ తోక ఎప్పుడూ కనబడాలి, దానిమీద గీతలుండాలి, వైర్ కదిలితే అసిస్టెంట్ కంటికి వెంటనే తెలియాలి. ట్యాప్ వెనక్కి తీసేటప్పుడు వైర్ కూడా ఊడి రాకుండా పట్టుకునే ఏర్పాటుండాలి. హ్యాండిల్ పైకప్పు మూసేసి, వైర్ పొడవు చాలక లోపలే దాక్కునేలా చేసిన డ్రైవర్లని నేను చూశాను, బొమ్మలో చాలా నీటుగా ఉంటుంది. వైర్ గొడవే లేకుండా స్క్రూలోనే సన్నని మొన పెట్టి నేరుగా దింపే పద్ధతులు కూడా వచ్చాయి, కానీ మొదటి సిస్టమ్‌లోనే అటు వెళ్లకండి, అక్కడ గురి తప్పితే వెనక్కి తగ్గడం కష్టం.

ఇప్పుడు టవర్ల దగ్గరికి వద్దాం, ఎక్కువసేపు ఇక్కడే ఉంటాను ఎందుకంటే సిస్టమ్‌లు గెలిచేదీ ఓడేదీ ఇక్కడే.

టవర్ స్క్రూ తలని పట్టుకునే పొడవు దాదాపు 12 మిల్లీమీటర్లు అనుకుందాం. ఆ పట్టులో పదోవంతు మిల్లీమీటరు లూజు ఉంటే 150 మిల్లీమీటర్ల పైన, అంటే సర్జన్ చేతి దగ్గర, అది ఒకటింబావు మిల్లీమీటర్ల ఊపు అవుతుంది. కొత్త సెట్‌లో తెలియదు. వంద ఆటోక్లేవ్‌లు (ఆవిరితో శుద్ధిచేయడం), నాలుగు సుత్తి దెబ్బలు పడ్డాక ఊపు రెండింతలవుతుంది, అప్పుడు సెట్‌స్క్రూ వంకరగా దిగడం మొదలవుతుంది. మీ టాలరెన్స్ లెక్క కొత్త పార్టుకి కాదు, అరిగిన పార్టుకి వేయండి.

టవర్ బయటి వ్యాసం ఇంకో సంగతి. నడుము కింది భాగం లోపలికి వంపు తిరిగి ఉంటుంది కదా, అందుకని ఎల్4, ఎల్5 (నడుము కింది రెండు వెన్నుపూసలు), ఎస్1 (వాటి కింది త్రికాస్థి పైభాగం) స్క్రూల టవర్లు పైకి వచ్చేకొద్దీ ఒకదానివైపు ఒకటి వాలుతాయి. లావుగా చేశారో, చర్మం దగ్గర టవర్లు ఢీకొంటాయి, సర్జన్ వాటిని పక్కకి తోస్తే ఆ బలమంతా కింద స్క్రూ మీద, ఎముక మీద పడుతుంది. ఎముక గుల్లబారిన పెద్దావిడ అయితే స్క్రూ అక్కడే వదులైపోతుంది. ఓ ప్లాస్టిక్ వెన్నెముక మోడల్ కొని, ఎల్4 నుంచి ఎస్1 దాకా మీ టవర్ల 3డీ ప్రింట్లు గుచ్చి చూడండి. పైన ఓ మందపాటి ఫోమ్ దిండు కప్పండి, చర్మం, కొవ్వు ఉన్నట్టు. అయిదు వేల రూపాయల్లో అయిపోయే ఈ ప్రయోగం లక్షలు మిగులుస్తుంది.

రాడ్ దూర్చేటప్పుడు ముక్కు మొద్దుగా ఉంటే ఫేషియాని (కండరం మీది గట్టి పొర) చీల్చదు, మరీ వాడిగా ఉంటే ఎటుపడితే అటు పోతుంది. రాడ్ పైపైన కండరంలోంచే పోయి చీలిక బయట ఉండిపోవడం తరచూ జరిగేదే. సర్జన్లు దీనికి ఒక చక్కటి చిట్కా వాడతారు: రాడ్ దూర్చాక ఒక్కో టవర్‌నీ పట్టుకుని తిప్పి చూస్తారు. చీలికలో రాడ్ ఉంటే టవర్ తిరగదు, తిరిగిందంటే రాడ్ బయట ఉంది. ఎక్స్‌రే అక్కర్లేకుండా తెలిసిపోతుంది. ఈ చిట్కా పనిచేయాలంటే మీ చీలిక వెడల్పు రాడ్ కంటే మరీ ఎక్కువ ఉండకూడదు, అలాగని బిగుతుగా ఉంటే రాడ్ ఇరుక్కుంటుంది. చూశారా, వాళ్ల చేతి అలవాటు మీ డ్రాయింగ్‌లో ఒక టాలరెన్స్ అయిపోయింది.

సెట్‌స్క్రూ గురించి మీరు థ్రెడ్ ఏంటో రాయలేదు. మామూలు 60 డిగ్రీల వీ థ్రెడ్ అయితే మార్చండి. బిగించినప్పుడు వాలు మీద బలం పక్కలకి తోసి తల చెంపలని విప్పేస్తుంది, చెంపలు విప్పుకుంటే పట్టు జారుతుంది. అందుకే ఒక పక్క దాదాపు నిటారుగా ఉండే బట్రెస్, లేదా వాలు వెనక్కి తిరిగిన థ్రెడ్లు వాడతారు. అలాగే మొదటి చుట్టు సన్నని పెచ్చులా మొదలవకుండా, నిండు మందంతో మొదలయ్యేలా కోయించండి, టవర్ అడుగున అంత లోతులో క్రాస్ థ్రెడ్ పడిందంటే (మర వంకరగా ఎక్కిందంటే) దాన్ని తీయడం నరకం.

చివరి బిగింపు టార్క్ చాలా సిస్టమ్‌లలో 10 నుంచి 12 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. ఇక్కడ ఒక లెక్క వేయండి, కొత్తవాళ్లు ఎవరూ వేయరు. డ్రైవర్ కాండం 6 మిల్లీమీటర్ల స్టీలు, పొడవు 250 అనుకుంటే, 12 న్యూటన్ మీటర్లకి అది దాదాపు 18 డిగ్రీలు మెలి తిరుగుతుంది. స్ట్రెస్ పరంగా సేఫే, విరగదు. కానీ సర్జన్ చేతికి అది స్ప్రింగులా తగులుతుంది, కింద సెట్‌స్క్రూ కూర్చుందా లేక కాండమే మెలిపడుతోందా తెలియదు. 8 మిల్లీమీటర్లు చేస్తే 6 డిగ్రీల లోపుకి వస్తుంది. సర్జన్లు 'ఫీల్ లేదు' అంటారే, అది చాలాసార్లు ఇదే, వాళ్లు ఇంజనీరింగ్ భాషలో చెప్పరు, మనమే తర్జుమా చేసుకోవాలి. కౌంటర్ టార్క్ గొట్టం (బిగించేటప్పుడు స్క్రూ తల తిరక్కుండా పట్టుకునేది) సరిగా కూర్చోకపోతే ఆ 12 న్యూటన్ మీటర్లూ పోయి పెడికిల్ మీద పడతాయి, కాబట్టి అది సగం కూర్చున్నప్పుడు బిగింపు మొదలుపెట్టడానికి వీల్లేకుండా చేయగలిగితే మీది మంచి డిజైన్.

టవర్‌కి బదులు స్క్రూ తలకే పొడవాటి రెక్కలుంచి, చివర్లో విరిచేసే పద్ధతి కూడా ఉంది. సన్నగా ఉంటుంది, టవర్ ఊడిపోయే బాధ లేదు. కానీ జారిన వెన్నుపూసని రాడ్ వైపు లాగేటప్పుడు ఆ రెక్కల గాటు గట్టిగా నిలబడాలి, పని అయ్యాక అదే గాటు వంచగానే తేలిగ్గా విరగాలి. లాగినప్పుడు నిలబడి, వంచినప్పుడు విరిగే గాటు లోతు కనిపెట్టడానికి టెస్టుల మీద టెస్టులు పడతాయి, మెషినింగ్‌లో కాస్త తేడా వచ్చినా ఒక బ్యాచ్ మొత్తం అటో ఇటో పోతుంది. విరిగిన ముక్క గాయంలో జారిపోకుండా పట్టుకునే పనిముట్టు కూడా మీదే బాధ్యత.

టెస్టింగ్ గురించి త్వరగా ముగిస్తాను. ఏఎస్‌టీఎం ఎఫ్ 1717 (ఇలాంటి వెన్నెముక ఇంప్లాంట్ల టెస్టు ప్రమాణం) ప్రకారం మధ్యలో వెన్నుపూస అసలే లేనట్టు రెండు పాలిథీన్ దిమ్మెల మధ్య మీ నిర్మాణం బిగించి 50 లక్షల సైకిళ్లు నడపాలి. స్క్రూ పీకుడు బలం, తిప్పుడు టార్క్ ఎఫ్ 543లో ఉన్నాయి. మనదేశంలో 2017 మెడికల్ డివైస్ రూల్స్ వర్తిస్తాయి, క్వాలిటీ సిస్టమ్‌కి ఐఎస్ఓ 13485, రిస్క్‌కి 14971. విశాఖలో మెడ్‌టెక్ జోన్, సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లో డివైసెస్ పార్క్ ఉన్నాయి కాబట్టి మనవాళ్లకి ఇదివరకంత తిరుగుడు లేదు, కానీ మీకు కావాల్సిన టెస్టు చేసే మెషినూ, దానికి గుర్తింపూ రెండూ ఉన్నాయా అని ముందే రాతపూర్వకంగా అడగండి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: ఎఫ్ 1717 పాసైన సిస్టమ్ ఆపరేషన్ థియేటర్‌లో పాసవుతుందని ఎవరూ చెప్పలేదు. అందులో రాడ్‌ని టెక్నీషియన్ కళ్లతో చూస్తూ బిగిస్తాడు. మొదటి కడావర్ ల్యాబ్‌ని (మృతదేహం మీద చేసి చూడటం) టెస్టింగ్ తర్వాత కాదు, ముందే పెట్టుకోండి, స్టీలు ప్రోటోటైప్‌లతోనైనా సరే. అక్కడ సర్జన్ ఏం చెప్పాడో రాసుకోవడం కంటే చేతులు వీడియో తీయడం మేలు, మనుషులు మర్యాద కోసం బాగుందంటారు, చేతులు అలా అనవు.

ఇంకొకటి, ఇది ఎవరూ అడగరు కాబట్టి నేనే చెప్తాను. మీ సెట్ ఒక ఆసుపత్రిలో అద్దాల బీరువాలో ఉండదు. డిస్ట్రిబ్యూటర్ కుర్రాడు రాత్రి విజయవాడలో ఒకచోట తీసుకుని, పొద్దున గుంటూరులో ఇంకోచోట దించుతాడు. ప్రతిచోటా కడగాలి, ఆటోక్లేవ్ చేయాలి. ఇప్పుడు మీ డ్రైవర్‌లోని రంధ్రం సంగతి ఆలోచించండి: 1.7 మిల్లీమీటర్ల వ్యాసం, పావు మీటరు పొడవు, లోపల రక్తం, ఎముక పొడి. రెండు గంటలు ఆరిపోతే అది సిమెంటే. బ్రష్ ఈ చివర దూరి ఆ చివర బయటికి వస్తోందా? మధ్యలో క్విక్ కప్లింగ్ దగ్గర రంధ్రం వెడల్పు మారితే ఆ మెట్టు మీదే మురికి పేరుకుంటుంది. విప్పి కడగడానికి వీలుగా చేయండి, అయితే విప్పిన ముక్కలు మూడు దాటనివ్వకండి, నాలుగోది తప్పకుండా పోతుంది. బోరు నీళ్లతో కడిగే చోట్లు ఇంకా ఉన్నాయి, లేజర్ మార్కింగ్ తర్వాత ప్యాసివేషన్ (తుప్పు పట్టకుండా యాసిడ్‌తో చేసే శుద్ధి) సరిగా చేయకపోతే మీ సైజు అంకెల చుట్టూనే ముందు తుప్పు పడుతుంది. నిండిన ట్రే 11 కిలోలు దాటకుండా చూడండి, దాన్ని ఎత్తి పై అరలో పెట్టేది ఒక మనిషే.

చివరగా కేజ్. వద్దు, ఇప్పుడే వద్దు. ప్రింటింగ్ మెషిన్ అందుబాటులో ఉంది కదా అని మొదలుపెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. పీక్ (కేజ్‌లకి వాడే ప్లాస్టిక్) స్థితిస్థాపకత 3 నుంచి 4 గిగాపాస్కల్స్, గట్టి టైటానియంది 110 చుట్టుపక్కల, ఎముక పైపొర ఈ రెంటికీ మధ్య. జల్లెడలా ప్రింట్ చేస్తే టైటానియం ఎముకకి దగ్గరగా వస్తుంది, ఎముక అందులోకి పెరుగుతుంది, నిజమే. కానీ ఆ సన్నటి కడ్డీల ఫెటీగ్, లోపల ఇరుక్కున్న పౌడర్ తీసేయడం, ప్రతి బిల్డ్‌నీ ధ్రువీకరించడం, ఇదంతా వేరే కంపెనీ పెట్టినంత పని. పైగా సన్నని గొట్టంలోంచి దూర్చాల్సిన కేజ్ అడుగు చిన్నదవుతుంది, చిన్న అడుగు ఎండ్‌ప్లేట్‌లోకి (డిస్క్‌ని తాకే వెన్నుపూస ఉపరితలం) దిగబడుతుంది, దాన్ని తప్పించడానికి లోపలికెళ్లాక పెద్దదయ్యే కేజ్ అంటారు, అది మళ్లీ ఇంకో మెకానిజం. స్క్రూ సిస్టమ్ ఆరు నెలలు నిజమైన ఆపరేషన్లలో తిరిగి, టవర్లు అరిగి, మొదటి ఫిర్యాదులు మీ టేబుల్ మీదికి వచ్చాక, ఆ సర్జన్లే ఏ కేజ్‌తో ఇబ్బంది పడుతున్నారో మీకు చెప్తారు. ఈలోపు మీ సెట్‌స్క్రూ థ్రెడ్ ప్రొఫైలూ, మెడ దగ్గర సెక్షన్ బొమ్మా పెట్టండి, చూసి చెప్తాను.